ఎఱుక యెవరి కొఱకు?

2025 మాఘమాసమున మా యానాములో గౌతమి యొడ్డున నొక సభ జరిగినది. వక్త పొరుగూరివారు, చదువరి, వాక్చతురుడు, సంస్కృతమును పాశ్చాత్యశాస్త్రమును రెంటిని నాలుకపై నాడింపగలవారు. "ఈ బ్రహ్మాండము పుట్టి 1380 కోట్ల సంవత్సరములైనది. అంతకాలమును అది గ్రుడ్డిదై చీకటిలో తడవుకొనుచుండెను. మనుష్యుని చైతన్యరూపమున నేటికి దానికి కన్నులు తెఱచుకొన్నవి. విశ్వము తన్ను తా నెఱుగుటకై మనలను కన్నది, మన చైతన్యమునకు ప్రయోజన మదియే" యని వారు సెలవిచ్చినప్పుడు సభాసదులు చేతులు నొచ్చునట్లు చప్పట్లు కొట్టిరి. మేమును కొట్టితిమి, దాచుట యెందులకు? పొగడ్త యెంత దూరపు చుట్టము నోటినుండి వచ్చినను చెవికి తీయగనే యుండును. విశ్వమే మనలను పొగడుచున్నదనగా వలదనువా డెవడు?

ఇంటికి పోవుచు గట్టుమీద నడచునప్పుడు మాత్రము మా చప్పట్లు మాకే సిగ్గు కలిగించినవి. ఆ సభలో ముందువరుసను కూర్చుండి మాకంటె గట్టిగా చప్పట్లు కొట్టిన యొక పెద్దమనుష్యుని యింటి సంగతి మాకు కొంత తెలియును. అది తరువాత చెప్పెదము. ముందు వాదమును విచారింతము.

ఈ వాదము క్రొత్తది కాదు. ప్రకృతి జడమైనను పురుషుని భోగమోక్షముల కొఱకే ప్రవర్తించుచున్నదని సాంఖ్యులు చెప్పిరి. జడమున కొకరి కొఱకు పనిచేయవలెనను తలంపెట్లు కలుగునని యడిగినవారికి వారు చూపిన దృష్టాంతము పాలు. పాలకు తెలివి లేదు. అయినను దూడను పెంచుటకై పొదుగునుండి స్రవించుచున్నవి గదా యని వారి మాట. దీనికి శంకరాచార్యులవారు బ్రహ్మసూత్రభాష్యమున చెప్పిన సమాధానము మాకు మిక్కిలి నచ్చినది. పాలు తమంతట స్రవించుట లేదు. ఆవు చేతనము, దానికి దూడపై ప్రేమ కలదు, ఆ ప్రేమచేతనే పాలు స్రవించుచున్నవి. మఱియు దూడ కుడుచుచున్నది. పాడిగల యింట పుట్టినవారి కెవరికి తెలియదీ సంగతి? దూడ చచ్చిన యావును చేపించుటకు పడు పాట్లు మా యిండ్ల ముసలమ్మల నడిగిన చెప్పుదురు. ఆచార్యులవారి సిద్ధాంతమంతయు మేమంగీకరించినను అంగీకరింపకున్నను, ఈ యొక్క మాట మాత్రము బంగారము. దూడ కొఱకన్నది పాలలో లేదు, ఆవులో నున్నది.

మేము బడిలో విభక్తులు చెప్పునప్పుడు చతుర్థికి "కొఱకు, కై" యని నేర్పుచుందుము. పిల్లలు తప్పులేకుండ వల్లించెదరు. పెద్దలే యావిభక్తిని తగని మాటలకు చేర్చుచున్నారు. నీరు పల్లమునకు పాఱును. సముద్రము కొఱకు పాఱదు. నిప్పు కాల్చును, వంట కొఱకు కాల్చదు. వంట యనునది పొయ్యిముందు కూర్చున్న తల్లి మనస్సులో నున్నది. ఇట్లొక్కొక్క వస్తువునే పరీక్షించుచు పోయినచో, "కొఱకు" అను మాట యున్నచోటనెల్ల ఆకలిగొనునదో, నొచ్చునదో, కోరునదో, భయపడునదో యగు నొక ప్రాణి కనబడును. ప్రాణి లేనిచోట నా మాటయు లేదు. అట్లయినచో "విశ్వమునకు మనుష్యచైతన్య మెందుకొఱకు?" అను ప్రశ్నయే తలక్రిందులుగా నున్నది. చైతన్యము ప్రయోజనముగల వస్తువులలో నొకటి కాదు. ప్రయోజనములు పుట్టుచోటే చైతన్యము. విశ్వము మనకే పనియు నప్పగింపలేదు. పని యనునది మనతోడను, మనకంటె ముందుపుట్టిన మూగజీవములతోడను ఈ లోకమున ప్రవేశించినది.

ఎఱ్ఱనీరు దిగగానే సముద్రమునుండి గోదావరికి ఎదురీదివచ్చు పులసను మా యూరివారెఱుగుదురు. దానికై పుస్తెలనైన అమ్మవచ్చునను సామెత కూడ కలదు (చెప్పినది పుస్తె కట్టినవాడే కాని కట్టించుకొన్నది కాదని మా యనుమానము). ఆ పులసకు మాటలు వచ్చినచో "ఈ నది యింత వెడల్పున, ఇంత తియ్యని నీటితో నేను గ్రుడ్లు పెట్టుటకే త్రవ్వబడినది, కాకున్న నింత చక్కగా నెట్లమరును?" అనును. అది యట్లనుచుండగనే జాలరి వలలాగి "ఇది నా కొఱకే యెదురీది వచ్చినది" యనును. సంతలో దానిని వేలకొలది రూపాయలిచ్చి కొన్న ధనికుడు మఱియొక మాట యనును. 1973లో బ్రాండన్ కార్టరను ఖగోళశాస్త్రజ్ఞుడు చెప్పినది దీనికంటె మితమైన మాట: చూచువాడు బ్రతుకదగిన లోకములోనే చూచువా డుండును గావున, మనము చూచు లోకము మన బ్రతుకునకు తగియుండుట వింత కాదని. ఈ జాగ్రత్తమాటను పట్టుకొని, లోకమంతయు మన కొఱకే సిద్ధపఱపబడినదనువారు పులస తెలివికంటె నెక్కువ తెలివి చూపుట లేదు.

రెండవ పక్షమువారు కూడ కలరు. మా తోడి యుపాధ్యాయులలోనే కలరు. కిణ్వాదులు కలిసినప్పుడు మదశక్తి పుట్టినట్లు భూతములు కలిసినప్పుడు చైతన్యము పుట్టునని పూర్వము చార్వాకులనిరి. నేటివారు కిణ్వమునకు మాఱుగా నాడీకణములను చెప్పుచు, మనుష్యుని మెదడులో నవి 8,600 కోట్లకు దగ్గఱగా నున్నవని లెక్క చూపుదురు. లెక్కతో మాకు వివాదము లేదు. "కావున మంచిచెడ్డలన్నియు నీటిబుడగలు, నక్షత్రములు చల్లారిపోవునాటికి మన కష్టసుఖము లెవరికి కావలెను?" అని వారు చేయు ముగింపుతోనే వివాదము. నక్షత్రములకు అక్కఱలేకపోవచ్చును. నక్షత్రములకు పంటినొప్పియు లేదు. ఈ మిత్రులకు పన్ను నొచ్చినప్పుడు మాత్రము, బుడగ నొచ్చుచున్నదిలే యని యూరకుండక కాకినాడ వైద్యునియొద్దకు పరుగెత్తుదురు.

ఈ రెండు పక్షములును పైకి పామును ముంగిసయువలె కనబడినను ఒక్క తావున కలియుచున్నవి. ఇది తగును, ఇది తగదు అను తీర్పును మనుష్యుని చేతినుండి తీసికొని యాకాశమున పెట్టుదురు. ఆకాశము తీర్పు చెప్పినదని మొదటివారు. ఆకాశము చెప్పలేదు గనుక తీర్పే లేదని రెండవవారు. ఇరువురకును లాభ మొక్కటే: తాము చేయవలసినదేమియు మిగులదు.

ఆకాశము మనుష్యునితో నెట్లు వ్యవహరించునో తెలిసికొనుటకు మన తెలుగుదేశముననే యొక కథ కలదు. 1868 ఆగష్టు 18న సంపూర్ణసూర్యగ్రహణమైనది. దానిని పరీక్షించుటకు ఫ్రాన్సునుండి జాన్సెన్ అను శాస్త్రజ్ఞుడు గుంటూరునకు వచ్చెను. మద్రాసు నక్షత్రశాలనుండి పాగ్సన్ మచిలీబందరునకును, ఆ నక్షత్రశాలలోనే పనిచేయుచుండిన చింతామణి రఘునాథాచార్యులు వనపర్తికిని పోయిరి. రాహువు సూర్యుని మ్రింగినాడని దేశము విడుపుస్నానములకు కాచుకొనియుండగా, వీరు సూర్యుని చుట్టు నెగయు జ్వాలల వెలుగును రంగులుగా విడదీసి గీతలను చూచుచుండిరి. అవి యెంత కాంతివంతములనగా గ్రహణము లేకున్నను కనబడవలెనని జాన్సెన్ గ్రహించి, మఱునాడే గుంటూరులో పట్టపగటి సూర్యునియందు వానిని చూచెను. ఆ జ్వాలలలోని పసుపుపచ్చని గీత యొకటి భూమిమీద తెలిసిన యే పదార్థమునకును చెందకపోగా, ఆ సంవత్సరమే ఇంగ్లాండున లాక్యర్ దానిని ప్రత్యేకముగా గుర్తించెను. సూర్యుని పేర ఆ పదార్థమునకు హీలియమని పేరు వచ్చినది. 27 ఏండ్ల తరువాత, 1895లో, ర్యామ్జే దానిని భూమిమీద పట్టుకొన్నాడు.

సూర్యుడు దాదాపు 460 కోట్ల యేండ్లుగా హీలియమును పుట్టించుచున్నాడు. గుంటూరులో కనిపెట్టబడినందుకు ఒక్క కిరణమైన నెక్కువ వెలుగలేదు. విశ్వము తన్ను తా నెఱిగినదనుటకు దృష్టాంతము కావలెనన్న ఇంతకంటె మంచిది దొరకదు. కాని యిందెఱిగినది యెవరు? యంత్రమునకు కన్నానించిన యొక మనుష్యుడు. ఫలమెవరికి చెందినది? సూర్యునికి కాదు. ఆకాశమును చూచి బెదరుట కొంత తగ్గిన మనకు చెందినది.

అంతైన నిజముగా తగ్గినదా? రాహువును గుంటూరులో సూర్యమండలమునుండి తఱిమిన యెఱుకను, మన యింటి జాతకచక్రములోనికి రానిచ్చుటకు మనము సాహసింపలేదు. అందులకు సాక్ష్యము మా యూరే.

యానాము ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. చుట్టును బ్రిటిషుసీమ, నడుమ గౌతమి యొడ్డున నీ చిన్న తునక. 1929 సెప్టెంబరులో శారదా శాసనము సమ్మతింపబడి 1930 ఏప్రిలు 1 నుండి బ్రిటిషు ఇండియాలో అమలులోనికి వచ్చినది. 14 ఏండ్లు నిండని బాలికకును 18 ఏండ్లు నిండని బాలునకును పెండ్లి చేయరాదని దాని విధి. ఫ్రెంచిసీమలో నది చెల్లదు. ఇంకేమి కావలెను? బ్రిటిషుసీమనుండి పెండ్లివారు మేళతాళములతో మా యూరికి రాసాగిరి. పాలపండ్లూడని పిల్లలను చంకనెత్తుకొని సరిహద్దు దాటించి, మూడుముళ్ళు వేయించి, మరల తమ సీమకు తీసికొనిపోయిరి. మా యూరికి కల్యాణపురమను పేరు వచ్చినది. వినుట కెంత యింపైన పేరు! తెలియనివారు ఏ దేవుని కల్యాణమువలననో వచ్చినదనుకొందురు. స్వాతంత్ర్య సమానత్వ సౌభ్రాత్రములను మంత్రముగా చెప్పుకొను ప్రభుత్వము, ప్రజల ఆచారముల జోలికి పోమని చేతులు కడుగుకొన్నది. 1954 నవంబరు 1న యానాము భారత పరిపాలనలోనికి వచ్చునంతవఱకు సరిహద్దు సరిహద్దుగనే యుండెను.

ఆ పెండ్లిండ్లలో తెలివిలేనివా రెవరుండిరో చదువరులు మాకు చూపవలెను. ఏ శాసనమేసీమలో చెల్లదో యెఱిగిన న్యాయవాది యుండెను. లగ్నమును విఘడియలతో గుణించిన సిద్ధాంతి యుండెను. కట్నకానుకలు, ప్రయాణపు ఖర్చులు, శాసనము తప్పించుకొనుటవలన మిగులు జుల్మానా అన్నియు వ్రేళ్ళమీద లెక్కించిన తండ్రి యుండెను. చైతన్యమునకు కొదువ లేదు. అంత యెఱుకలో చంకనున్న పిల్ల తట్టునకు తిరిగినది మాత్రము రవ్వంతయు లేదు. మేము చెప్పదలచినది దీనినే. ఎఱుక పెరిగినంతనే లోకము మెఱుగుపడునని, విశ్వము మనయందు మేలుకొన్నదని పలుకువారు, ఆ మేలుకొన్న కన్నెటు చూచుచున్నదని యడుగరు.

రాత్రి లగ్నమైనచో, తంతు ముగిసిన తరువాత వధువును వెలుపలికి తెచ్చి అరుంధతిని చూపుదురు. నిద్రమత్తులో నున్న ఏడెనిమిదేండ్ల పిల్ల తల పైకెత్తి, కనబడినను కనబడకున్నను "కనబడినది" యనును. ఆ నక్షత్రము మనకు సుమారు 80 కాంతిసంవత్సరముల దూరముననున్నది. 1930లో యానాములో నా పిల్ల కంటబడిన కాంతి 1850 ప్రాంతమున బయలుదేరినది. ఆమె తాతకు తాళిగట్టు వయసు రానినాడు. దారిలో నది యెవరి పెండ్లికిని సమ్మతి తెలుపలేదు, అసమ్మతియు తెలుపలేదు. సాక్షియని దానిని పిలిచినవారు మనుష్యులు. సాక్షిని పిలిచి తాము తప్పుకొన్నవారును వారే.

ఇది యొక్క యానాపు దోషము కాదు. గురజాడ అప్పారావుగారు 1897లో అచ్చైన కన్యాశుల్కమునకు వ్రాసిన పీఠికలో, విజయనగరము మహారాజావారు విశాఖపట్టణము జిల్లాలో మూడేండ్లలో జరిగిన కన్యాశుల్కవివాహములకు తీయించిన పట్టికను గూర్చి చెప్పిరి. పట్టికకెక్కినవి 1,034. అందు అయిదేండ్లకు పెండ్లియైన పిల్లలు 99 మంది, నాలుగేండ్లకు 44, మూడేండ్లకు 36, రెండేండ్లకు ఆరుగురు, ఏడాదికి ముగ్గురు. మేమీ యంకెలను తరగతిలో చదివినప్పుడు పిల్లలు ఏడాదియనుచోట నవ్వెదరు, అచ్చుతప్పనుకొందురు. ఆ 1,034 పెండ్లిండ్లకును ముహూర్తము లుండియుండును గదా.

ఇచట నొక మాట చెప్పక తప్పదు, కొందఱు నొచ్చుకొన్నను. యానాపు ఫ్రెంచి యధికారులు ఏ గవర్నరుక్రింద నుండిరో, ఆ గవర్నరుండిన పుదుచ్చేరిలోనే 1910 ఏప్రిలునుండి శ్రీ అరవిందులు నివసించిరి. మనుష్యుడు చైతన్యపరిణామమున నొక మజిలీ మాత్రమే యనియు, అతిమానసమను పై మెట్టు రానున్నదనియు వారు 1914లో మొదలుపెట్టి ఆర్య పత్రికలో విపులముగా వ్రాసి, 1939, 1940లలో దివ్యజీవనమను గొప్ప గ్రంథముగా వెలువరించిరి. ఒకే జెండాక్రింద, ఒక కొన విశ్వచైతన్యము ఆరోహణమును గూర్చిన మహాగ్రంథము సిద్ధమగుచుండగా, మఱొక కొన కల్యాణపురము నడచుచుండెను. వారికి మా యూరి పెండ్లిండ్లతో నే సంబంధమును లేదు. ఆ మహనీయునిపై నింద మోపుట మా యుద్దేశము కాదు. మేమడుగునది వారి గ్రంథమును పూజాగృహమున పెట్టుకొను పాఠకుని. చైతన్యము కోట్ల యేండ్లకు పై మెట్టెక్కునని నమ్మి యోపికపట్టుట సులభము. తొమ్మిదేండ్ల పిల్లకు కోట్ల యేండ్లు లేవు.

రాజమహేంద్రవరమున 1881 డిసెంబరు 11న వీరేశలింగముగారు తొలి వితంతువివాహము చేయించునప్పుడు వారి కడ్డువచ్చిన వాదము కూడ విశ్వవాదమే. పూర్వకర్మముచేత లోకవ్యవస్థ యట్లేర్పడినది. పిల్ల తలరాత నీవు మార్చెదవా యని. తలరాతను వ్రాసినదెవరో చూడబోయిన, మంగలిని పిలిపించిన మామగారు కనబడిరి.

విశ్వమును గూర్చిన సిద్ధాంత మేదైనను, చేయవలసిన పని దానిమీద ఆధారపడి లేదనుటకు మాకు దగ్గఱనే మంచి నిదర్శనమున్నది. కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలలో 1919 వఱకు రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు ప్రిన్సిపాలుగా నుండిరి. బ్రహ్మసామాజికులు, ఈశ్వరుని నమ్మి, ఆ నమ్మికతోనే హరిజన బాలుర చదువుకొఱకు, స్త్రీల యుద్ధరణము కొఱకు పాటుపడిరి. కొన్నేండ్లకు ఆ కళాశాలలోనే గోపరాజు రామచంద్రరావుగారు, మన గోరాగారు, వృక్షశాస్త్రము చెప్పిరి. దేవుడు లేడని వ్రాసినందుకు 1933లో ఆ యుద్యోగము పోయినది. తరువాత ముదునూరులో నాస్తికకేంద్రమును స్థాపించి, అస్పృశ్యతమీద జీవితమంతయు పోరాడిరి. విశ్వమునకు కర్త యున్నాడా యన్న ప్రశ్నకు వీరిరువురి సమాధానములు ఉత్తరదక్షిణ ధ్రువములు. ఊరిచివరి గుడిసెలోని పిల్లవాని విషయమున మాత్రము ఇరువురకును సందేహము లేదు. ఆ నిస్సందేహము ఆకాశమునుండి దిగినదైనచో ఒకరికే దిగియుండవలెను.

"అట్లయిన మీరు మనుష్యుని తక్కువ చేయుచున్నారు" అని మా వక్తగారు తప్పక యందురు. మేమా? కోరంగి కథ వినుడు. యానామునకు కూతవేటు దూరముననున్న కోరంగి యొకప్పుడు పెద్ద రేవు. బర్మాలో తెలుగు కూలీలను కోరంగీలని పిలుచుటకు ఆ రేవు పేరే మూలము. 1789 డిసెంబరులో నొకసారి, 1839 నవంబరులో మఱొకసారి గాలివానతో సముద్రము గోడవలె లేచి దానిమీద పడినది. రెండవ దెబ్బతో ఆ రేవు మరల కోలుకొనలేదు. ఆ యల వచ్చుచున్నదని యలకు తెలియదు. సముద్రమునకు తెలియదు. చంద్రునకు, నక్షత్రములకు తెలియదు. రేవులో నిద్రించువారికి కూడ తెలియదు. కలకత్తాలో హెన్రీ పిడింగ్టనను నాంగ్లేయుడు ఇట్టి తుపానుల వృత్తాంతములను ఓడవారినుండి కూర్చి, గాలి చుట్టలు చుట్టుకొను తీరు కనిపెట్టి, 1848లో దానికి సైక్లోనను పేరుపెట్టెను. 1875లో భారత వాతావరణశాఖ యేర్పడినది. ఎఱిగిన మాత్రమున చాలదనుటకు 1977 నవంబరు 19 నాటి దివిసీమ యుప్పెన యున్నది: పదివేలమందికి పైగా పోయిరి. 1996 నవంబరు 6న మా మీదనే వచ్చిన తుపానులో కోనసీమలోను యానాములోను కొబ్బరితోటలు నేలగూలి, వేయిమందికి పైగా చనిపోయిరి. ఆ రాత్రిని కన్నవారు మా యూర నింకను గాలి శబ్దమునకు లేచి కూర్చుందురు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్టణముమీద పడినప్పుడు లక్షకు పైగా జనమును ముందుగనే తీరమునుండి తరలించిరి. గాలి నగరమును పీకిపెట్టినను మృతులు వందకు లోపు. నడుమ జరిగినదేమి? సముద్రము దయ నేర్చుకొనలేదు. రేపటి యలను నేడు చూడగలిగిన కన్ను, ఆ యల క్రింద నెవరున్నారో కూడ చూచినది.

మనుష్యుని దీనికంటె గొప్పవాని చేయుట యెట్లో మాకు తెలియదు. విశ్వమున కద్దమై నిలుచుట గొప్పయా? అద్దము దేనినైన చూపును. దేనిని చూచియు లేవదు.

ఇంకొక యాక్షేపణము. విశ్వము ప్రయోజనమును చెప్పకపోయినచో ధర్మమున కాధారమేమి, ఎవడేమి చేసినను అడుగువా డెవడు అని. నొచ్చినవాడే యడుగువాడు. బిడ్డ యేడ్చినప్పుడు తల్లి, ఈ యేడ్పునకు బ్రహ్మాండములో స్థానమేమని విచారింపదు. ఏడ్పే ఆధారము. దానికి పైన మఱొక యాధారము కావలెననువానికి, ఏ యాధారము చూపినను చాలదని మా యనుభవము. ఆధారమును వెదకుచుండగనే ముహూర్తము దాటిపోవును.

చైతన్యమను వస్తువు రహస్యము కాదని మేమనుట లేదు. నాడీకణముల కదలిక నొప్పిగా, ఎఱుపుగా, తీపిగా ఎట్లనుభవమునకు వచ్చునో ఇంకను విడలేదు. 1995లో డేవిడ్ ఛామర్స్ దానికి కఠినసమస్య యని పేరుపెట్టిన తరువాత వాదము లెక్కువైనవి కాని ముడి యట్లేయున్నది. మనకొక్కరికే యది దక్కినదనుటకును వీలులేదు. కోరంగి మడయడవుల కావల హోపుదీవి యిసుకలో గ్రుడ్లు పెట్టవచ్చు తాబేలును చూచినవారెవరును అది వట్టి యంత్రమనజాలరు. రహస్యమును రహస్యమని యొప్పుకొనుట వినయము. రహస్యమును చూపి దానినుండి మన గొప్పను సాధించుకొనుట వేఱు.

ఇక ఆ ముందువరుస పెద్దమనుష్యుని సంగతి.

2022 అక్టోబరు 25న, దీపావళి మఱునాటి సాయంకాలము, సూర్యగ్రహణము పట్టినది. తగిన అద్దములు తెచ్చి, రాదలచిన పిల్లలకు గట్టుమీదనుండి చూపితిమి. చాలమందిని ఇంటివారు పంపలేదు. వచ్చినవారిలో ఎనిమిదవ తరగతి చదువుచుండిన యొక బాలిక, అద్దము కంటినుండి తీయకయే, "మనం చూస్తున్నట్టు సూర్యుడికి తెలుసాండీ మాస్టారూ?" అని యడిగినది. తెలియదమ్మా యంటిమి. "పాపం" అన్నది. ఎవరినిగూర్చి యన్నదో మేమడుగలేదు.

2025 మాఘమాసమున ఆమె పదవ తరగతి. సభకు ముందటి వారమునుండి బడికి రాలేదు. విచారింపగా పెండ్లి కుదిరినదని తెలిసినది. వయసు 15. ఆమె తండ్రియే మా ముందువరుస శ్రోత. చదువు తెలిసినవారు, మర్యాదస్థులు. సభ మఱునాడు మేమింటికి పోగా కాఫీ యిచ్చి కూర్చుండబెట్టిరి. "జాతకాలు అద్భుతంగా కలిశాయండీ మాస్టారూ. ఇది దాటితే మూఢం వచ్చేస్తుందండీ. మీకు తెలియనిదేముందండీ, అంతా పైవాడి సంకల్పం" అనిరి. శాసనము మాట యెత్తగా, "పెళ్ళి యానాంలో కాదు కదండీ" యని నవ్విరి. మాకును నవ్వు వచ్చినది, వేఱు కారణముచేత. నాడు శాసనమునకు వెఱచి పిల్లలను యానామునకు తెచ్చిరి. నేడు యానామునుండి తీసికొనిపోవుచున్నారు. 2006 నాటి శాసనము గట్టున కీవలను ఆవలను ఒక్కటే యనియు, 18 నిండవలెననియు చెప్పితిమి. విశ్వము మనయందు మేలుకొన్నదన్న వక్తగారి మాట ఎంత బాగున్నదో యని వారు మాటమార్చిరి.

ఇది యొక్క యింటి కథయైన వ్రాయకుందుము. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో, ఆంధ్రప్రదేశమున 20 మొదలు 24 ఏండ్ల వయసుగల స్త్రీలలో నూటికి 29 మందికి పైగా 18 నిండకముందే పెండ్లియైనవారని తేలినది. దేశమున నూటికి 23. కల్యాణపుర మెక్కడికిని పోలేదు.

మేము బాలల సహాయమునకైన 1098కి ఫోను చేసితిమి. అధికారులు వచ్చిరి. కాగితము వ్రాయించుకొనిరి. పెండ్లి ఆగినది, బాలిక పరీక్షలు వ్రాసినది. తండ్రి మాతో మాటలాడుట మానెను. గట్టుమీద నెదురైనచో గోదావరి వంక చూచుచు పోవుచున్నారు. మొన్న వేసవి సెలవులలో ఆ యింటికి మరల నొక సంబంధము వచ్చినదని విన్నాము. ఆమెకు 18 నిండుటకు ఇంకను రెండేండ్లు పైచిలుకు కలదు.